ఘాట్ ఎక్కేటప్పుడే టర్బో కారు ఎందుకు దగ్గుతుంది?

ఐడిల్‌లో నిక్షేపంగా ఉంటుంది. సింహాచలం ఘాట్‌లో మూడో గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కగానే కుదుపులు. టర్బో పెట్రోల్ బండైతే ముందు స్పార్క్ ప్లగ్‌లు, వాటికి కరెంటు ఇచ్చే కాయిల్స్‌నే అనుమానించండి. బూస్ట్ (టర్బో లోపలికి తోసే గాలి ఒత్తిడి) పెరిగితే సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో స్పార్క్ దూకాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి. అరిగి గ్యాప్ (స్పార్క్ దూకే సందు) పెరిగిన ప్లగ్ అక్కడే చేతులెత్తేస్తుంది. చాలా టర్బో ఇంజిన్లకు గ్యాప్ 0.7–0.8 మి.మీ. ఉంటుంది, కానీ మీ మాన్యువల్లో ఉన్నదే ఖాయం.

బ్యాటరీ వైరు పీకకుండా ముందు బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెట్టండి, లేకపోతే ఆ కోడ్‌లు చెరిగిపోతాయి. పి0302 (రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్, అంటే ఇంధనం సరిగా మండకపోవడం) వచ్చిందనుకోండి, రెండు, మూడు సిలిండర్ల కాయిల్స్ అటూ ఇటూ మార్చి మళ్లీ అదే ఎత్తు ఎక్కించండి. ఈసారి పి0303 (మూడో సిలిండర్‌లో మిస్‌ఫైర్) వస్తే కాయిల్ పోయినట్టే. కోడ్ కదల్లేదా, ప్లగ్ మార్చి చూడండి; ఆ తర్వాతే ఇంధనం చిమ్మే ఇంజెక్టర్. కనెక్టర్ లాగినప్పుడు పిన్నులు కూడా చూడండి. బీచ్ రోడ్డు ఉప్పుగాలికి పచ్చటి చిలుము పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి.

పి0300 (ఏదో ఒక్క సిలిండర్ అని కాకుండా వచ్చే మిస్‌ఫైర్) వచ్చి, తొక్కినప్పుడు బుస్సుమనే శబ్దం, నల్ల పొగ కూడా ఉంటే టర్బో గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ గొట్టాలు, క్లాంపులు చూడాలి. స్మోక్ టెస్ట్‌లో (గొట్టాల్లోకి పొగ పంపి లీకు చూడటం) చీలిక ఇట్టే దొరుకుతుంది. ఇవేవీ చూడకుండా టర్బోనే మార్చేయాలనే మెకానిక్‌కి మాత్రం దండం పెట్టి వచ్చేయండి.