వెన్నుపూసలతో ఒక శిల్పం

వెన్నెముకను శిల్పంగా మలచాలని కూర్చున్నాక తెలిసింది, అందులో తిన్నని గీత ఒక్కటీ లేదని. మెడ దగ్గర ముందుకు, వీపు దగ్గర వెనక్కి, నడుము దగ్గర మళ్లీ ముందుకు వంపు. మెడలో 7, వీపులో 12, నడుములో 5 పూసలు. పైబరువు మోయాలి కాబట్టి కిందికి వచ్చేకొద్దీ పెద్దవవుతాయి. కంప్యూటర్లో త్రీడీ బొమ్మలు మలిచే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో ఒక పూసను చెక్కి, దాని నకళ్లనే పేర్చితే పని సులువే. కానీ అది వెన్నెముక కాదు, నిచ్చెన. అందుకే ప్రతిదాన్నీ విడిగా మలిచాను.

త్రీడీ ప్రింటర్ కరిగిన ప్లాస్టిక్‌ను సన్నటి పొరలుగా కింది నుంచి పైకి పేరుస్తుంది. సుమారు 45 డిగ్రీలకు మించి వాలిన భాగాలకు కింద ఆసరా కట్టాలి. పూసల కొమ్ములన్నీ అలాంటివే. (బెజవాడ ఎండల్లో ఆ యంత్రం పక్కన కూర్చోవడం గురించి చెప్పకపోవడమే మంచిది.)

కృష్ణకు అవతల, ఉండవల్లి గుహల్లో శయనించిన అనంత పద్మనాభుణ్ణి రాతిని తొలిచి తీశారు. అక్కడ తీసివేయడం, ఇక్కడ పేర్చడం. చెక్కింది రద్దు చేసే మీట ఆ శిల్పులకు లేదు, నాకుంది. అది వరమేనని గట్టిగా చెప్పలేను. ఏ వంపు దగ్గరా చెయ్యి ఆగనివ్వదు.

ఇక రంగు మిగిలింది. ఎముక తెలుపా, కృష్ణా ఇసుక రంగా? ఇంట్లో ఓట్లు సమానంగా చీలాయి.