ఆమ్‌స్టర్‌డామ్ క్రెష్ పిల్లల గురించి తెలుగులో చెప్పడానికి సిద్ధమైన నా అనుభవం

ఆమ్‌స్టర్‌డామ్‌కు ఆనుకొని ఉన్న ఆమ్‌స్టల్‌వేన్‌లో వారాంతపు తెలుగు తరగతి నడిపేవారిలో నేనూ ఒకరిని. నెదర్లాండ్స్‌లో ఏటా మే 4న రాత్రి 8 గంటలకు యుద్ధ మృతుల స్మృతిలో దేశమంతా రెండు నిమిషాలు మౌనం పాటిస్తుంది. ఇక్కడి బడుల్లో చదివే మన పిల్లలకు ఆ మౌనం దేనికో కొంత తెలుసు గాని, సెలవులకు వచ్చిన అమ్మమ్మకో తాతయ్యకో దాన్ని వివరించాలంటే వాళ్లకు తెలుగు మాటలు అందవు. అందుకని రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఊళ్లోనే యూదు పిల్లలను ప్రాణాలకు తెగించి కాపాడిన మామూలు మనుషుల గురించి, అది జరిగిన వీధిలోనే నిలబడి, పిల్లలకూ పెద్దలకూ కలిపి తెలుగులో చెప్పే బాధ్యత నాకు అప్పగించారు. అందుకు ఎలా సిద్ధమయ్యానో ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఆ వీధిని అర్థం చేసుకోవలసి వచ్చింది. ప్లాంటాజె మిడెన్‌లాన్‌లో ఒక పక్క హొలాండ్సె స్ఖౌబుర్ఖ్ అనే పాత నాటకశాల ఉంది. జర్మన్ ఆక్రమణదారులు 1942 వేసవి నుంచి దాన్ని యూదులను పోగుచేసే చోటుగా మార్చారు. సుమారు 46,000 మందిని అక్కడ రోజుల తరబడి ఉంచి, రైళ్లలో వెస్టర్‌బోర్క్ శిబిరానికీ, అక్కడి నుంచి తూర్పున పోలండ్‌లోని ఆష్విట్జ్, సోబిబోర్ మృత్యు శిబిరాలకూ తరలించారు. లోపల చిన్న పిల్లల గోల భరించలేక, 1942 అక్టోబరు నుంచి వారిని వీధికి అవతలి వైపున్న క్రెష్‌లో, అంటే పసిపిల్లల సంరక్షణ కేంద్రంలో, ఉంచమన్నారు. తల్లిదండ్రులు నాటకశాలలో, పిల్లలు ఎదుటి భవనంలో, మధ్యలో ట్రామ్ పట్టాలు. తరలింపు రోజున పిల్లలను మళ్లీ తల్లిదండ్రుల దగ్గరికి చేర్చి, అందరినీ కలిపి పంపేవారు.

ఆ వీధిలో అటూ ఇటూ నడిచాకే మిగిలినదంతా నాకు బోధపడింది. నాటకశాల గుమ్మం దగ్గర నిలబడే కావలివాడికి క్రెష్ తలుపు ఎదురుగానే కనిపిస్తుంది. కాని ట్రామ్ వచ్చి మధ్యలో అడ్డుపడినంతసేపూ కనిపించదు. ఆ కొద్ది క్షణాల్లోనే క్రెష్ ఉద్యోగినులు, విద్యార్థులు బిడ్డను చంకనేసుకుని బయటపడేవారు. అప్పట్లో ఆ దారిన తిరిగింది 9వ నంబరు ట్రామ్. 2018 నుంచి 14వ నంబరు తిరుగుతోంది. మా పిల్లలను అదే ట్రామ్‌లో తీసుకెళ్లాలని ముందే నిశ్చయించుకున్నాను.

తర్వాత ఎవరి గురించి చెప్పాలన్న ప్రశ్న వచ్చింది. ఒక్క వీరుడి కథ పిల్లలకు తేలికగా ఎక్కుతుందని కొందరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే ఇది ఒక్కరితో అయ్యే పనే కాదు. నాటకశాల నిర్వహణ చూసిన వాల్టర్ జూస్కింట్, ఆయన సహచరుడు ఫెలిక్స్ హాల్వర్‌స్టాట్ పిల్లల పేర్లను నమోదు చీటీల్లోంచి తప్పించేవారు. పేరు కాగితం మీద ఉన్నంతకాలం ఆ బిడ్డ కనబడకపోతే ఎవరో ఒకరు పట్టుబడతారు. క్రెష్‌ను 1926 నుంచి నడిపిన హెన్రియెట్ పిమెంటెల్ ఏ బిడ్డను ఎప్పుడు ఎవరి చేతికి ఇవ్వాలో నిర్ణయించేది. ఈ ముగ్గురూ యూదులే. కాపాడినవారికి ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్ అనే స్మారక సంస్థ ఇచ్చే గౌరవం యూదేతరులకు మాత్రమే కనుక వీరి పేర్లు ఆ జాబితాలో ఉండవు. అందుకే మా పిల్లలకు ఈ ముగ్గురి పేర్లూ ముందుగా చెప్పాలనుకున్నాను. పిమెంటెల్‌ను 1943 జులైలో పట్టుకుని ఆష్విట్జ్‌లో చంపేశారు. జూస్కింట్ భార్యా బిడ్డలు కూడా ఆష్విట్జ్‌లోనే పోయారు. ఆయన 1945లో మరణించాడు.

క్రెష్‌కు పక్కనే ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ఉండేది. రెండింటి పెరడులకూ మధ్య ఉన్నది ఒక్క కంచె. ప్రిన్సిపాల్ యోహాన్ వాన్ హుల్స్ట్ తన తరగతి గదిని పసిపిల్లల మధ్యాహ్నపు నిద్ర కోసం ఇచ్చాడు. కంచె మీదుగా అందిన పిల్లలను సంచుల్లోనూ బట్టల బుట్టల్లోనూ పెట్టి, ఆ కళాశాల గుండా బయటికి చేరవేసేవారు. పరీక్షల సమయంలో వచ్చిన ఒక ప్రభుత్వ తనిఖీ అధికారి పిల్లల ఏడుపు విని, వాళ్లు యూదు పిల్లలేనా అని అడిగాడట. ఆ ప్రశ్నకు నేను జవాబు చెబుతానని మీరు నిజంగా అనుకుంటున్నారా అని వాన్ హుల్స్ట్ ఎదురడిగితే, ఆ అధికారి చేయి కలిపి, జాగ్రత్తగా ఉండమని చెప్పి వెళ్లిపోయాడట. ఆ అధికారి చూసీ చూడనట్టు వెళ్లడం కూడా ఆ గొలుసులో ఒక లంకేనని నా అభిప్రాయం. ఆ కళాశాల భవనంలోనే 2024 మార్చిలో యూదుల ఊచకోతను గుర్తుచేసే జాతీయ హోలోకాస్ట్ మ్యూజియం తెరిచారు.

అక్కడి నుంచి విద్యార్థుల పని మొదలయ్యేది. ఆమ్‌స్టర్‌డామ్‌లోనూ ఉట్రెక్ట్‌లోనూ కాలేజీ పిల్లలు బృందాలుగా ఏర్పడి, పసివాళ్లను రైళ్లలో ఉత్తరాన ఫ్రీస్లాండ్‌కో దక్షిణాన లింబుర్గ్‌కో తీసుకెళ్లేవారు. జుట్టు నల్లగా ఉన్న పిల్లలు లింబుర్గ్‌లో అంతగా కంటపడరని అటు ఎక్కువగా పంపేవారు. అక్కడి గని కార్మికుల ఇళ్లలో అప్పటికే అరడజను మంది పిల్లలు ఉంటే, ఏడో బిడ్డగా కలిపేసుకునేవారు. ప్రతి బిడ్డకూ కొత్త ఇంటిపేరు, రేషన్ కార్డు, నెలనెలా ఖర్చుకు డబ్బు కావాలి. ఉట్రెక్ట్ బృందం నిషిద్ధమైన ఒక కవితను రహస్యంగా అచ్చువేసి అమ్మి కొంత సంపాదించింది. వాళ్లలో హెట్టీ వూట్, గీసెలా జోన్‌లైన్ పట్టుబడి జర్మనీలోని రావెన్స్‌బ్రుక్ నిర్బంధ శిబిరం దాకా వెళ్లి ప్రాణాలతో తిరిగివచ్చారు. మరో బృందానికి చెందిన యాప్ ముస్‌ను 1944లో కాల్చి చంపారు.

ఇంతవరకు చదివి రాసుకోవడం కష్టంగా అనిపించలేదు. నేను ఆగిపోయింది తల్లుల దగ్గర. ఏ బిడ్డనూ తల్లిదండ్రులు ఒప్పుకోకుండా తీసుకెళ్లేవారు కాదు. అందుకని పిమెంటెల్ దగ్గర పనిచేసే అమ్మాయిలు, చాలామందికి ఇరవై ఏళ్లు కూడా నిండనివాళ్లు, నాటకశాలలోకి వెళ్లి, మీ బిడ్డను మాకు ఇస్తారా అని అడగాలి. ఎక్కడికి తీసుకెళతారో చెప్పడానికి లేదు, ఎప్పుడు తిరిగి ఇస్తారో తెలియదు, తూర్పున ఏం జరుగుతోందో అడిగేవారికీ ఇచ్చేవారికీ పూర్తిగా తెలియదు. చాలామంది కాదన్నారు, కుటుంబం అంతా కలిసి ఉండటమే బిడ్డకు క్షేమమని నమ్మారు. వారిని తప్పుపట్టే హక్కు మనకు లేదని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఒప్పుకున్నవారిలో కొందరు తల్లులు, లెక్క సరిపోవడానికి, దుప్పట్లో చుట్టిన బొమ్మను ఎత్తుకుని తరలింపు లారీ ఎక్కారు. ఈ సంగతిని పదేళ్ల పిల్లలకు చెప్పవచ్చా అన్నది నన్ను చాలా రోజులు వెంటాడింది. ఇక్కడి బడిలో పనిచేసే ఒక ఉపాధ్యాయురాలిని అడిగితే, హత్యలను వర్ణించవద్దు గాని మనుషులు చేసిన నిర్ణయాలను దాచవద్దు అని చెప్పారు. నేను ఆ సలహానే పాటించాను.

చెప్పే రోజున పిల్లలకన్నా ముందు ప్రశ్న అడిగింది తెనాలి నుంచి కూతురి దగ్గరికి వచ్చిన ఒక అమ్మమ్మ. "ఇచ్చిన తల్లి పేరు ఎక్కడైనా రాసిపెట్టారా అమ్మా?" అన్నారు. నాటకశాల గోడ మీద చనిపోయినవారి ఇంటిపేర్లు ఉన్నాయని చూపించాను. కాపాడినవారిలో ఆ తల్లిని కూడా లెక్కవేయాలి కదా అన్నారామె. నా రాతలో ఆ మాట అప్పటిదాకా లేదు, ఇప్పుడు మొదటి పేజీలోనే ఉంది.

క్రెష్ ద్వారా బతికి బయటపడిన పిల్లలు దాదాపు 600 మంది. ఆ అంకె ఒక్కటే చెబితే పిల్లలు సంతోషంగా ఇంటికి వెళతారు, కాని అది సగం నిజమే అవుతుంది. ఈ దేశంలోని 1,40,000 మంది యూదుల్లో నాలుగింట మూడు వంతుల మందిని చంపేశారు. 1943 సెప్టెంబరు 29న క్రెష్‌ను ఖాళీ చేయించిన రోజున, అక్కడ మిగిలిన పిల్లల్లోంచి వాన్ హుల్స్ట్ పన్నెండు మందిని మాత్రమే తనతో తీసుకురాగలిగాడు. పదమూడో బిడ్డను ఎందుకు తేలేదని ఆయన తర్వాత తనను తాను అడుగుతూనే ఉన్నాడు. 2018లో 107 ఏళ్ల వయసులో మరణించాడు. ఇది విన్న మా తరగతిలోని ఒక అబ్బాయి, "ఆంటీ, పన్నెండు మంది ఎవరో ఎలా ఎంచుకున్నారు?" అని అడిగాడు. దానికి జవాబు నా దగ్గర లేదని, ఆయన దగ్గరా లేదని చెప్పాను.

యుద్ధం ముగిశాక ఏమైందన్న భాగానికి ఆ రోజు సమయం చాలలేదు. దాక్కుని బతికిన పిల్లల్లో దాదాపు 2,000 మందికి తల్లిదండ్రులు తిరిగిరాలేదు. వారిని పెంచినవారి దగ్గరే ఉంచాలా, యూదు బంధువులకు అప్పగించాలా అన్నది తేల్చడానికి 1945లో ఒక సంఘాన్ని వేశారు. పిల్లలను స్వయంగా కాపాడిన ఖేసినా వాన్ డెర్ మోలెన్ దానికి అధ్యక్షురాలు. బిడ్డ తమ ఇంట్లో స్థిరపడిందని పెంచినవారూ, చనిపోయినవారి సంతానం తమ సమాజానికి చెందుతుందని యూదు సంస్థలూ ఏళ్ల తరబడి తగవుపడ్డారు. ఇరువైపులా ప్రేమ ఉన్న తగవు అది. దాన్ని చిన్న పిల్లలకు కాక పదిహేనేళ్లు దాటినవారికి చెప్పాలని తరగతిలో అందరం అనుకున్నాం. వచ్చే మే నెల కోసం ఇప్పుడు ఆ సంఘం గురించే చదువుతున్నాను.