అల్లుడి ఊరికి అడ్డదారి

ఆత్మకూరు నుంచి శ్రీశైలానికి బస్సెక్కితే దోర్నాల చుట్టుకొని వంద కిలోమీటర్ల పైనే పోవాలి. అడవిలో అడ్డంపడి నడిస్తే నలభైకి అటూ ఇటూ. ఈ లెక్క మా మామ నా చిన్నప్పట్నుంచీ చెప్తూనే ఉన్నాడు. ఆయన నంద్యాలలో రిటైరైన లెక్కల మాస్టారు. ప్రతి శివరాత్రికీ "ఈసారి నడుద్దాంరా" అనడం, తీరా రోజొచ్చాక నెపం మోకాళ్ళ మీదికి తోసి బస్సెక్కడం ఆయనకు మామూలే. పోయినేడు ఉగాదికి వారం ముందు ఫోన్ చేసి, "శుక్రవారం రాత్రికి వచ్చేయ్. రాకపోతే నేనొక్కణ్ణే పోతా" అన్నాడు. అరవై దాటిన మనిషి అడవిలో ఒక్కడే అంటే అత్త ఊరుకుంటుందా? ఆమె నుంచి ఇంకో ఫోన్. హైదరాబాదులో బస్సెక్కక తప్పలేదు.

ఈ దారిలో ఎప్పుడు పడితే అప్పుడు పోనివ్వరు. ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం, విస్తీర్ణంలో దేశంలోని పులుల అడవులన్నిట్లోకీ పెద్దది. శివరాత్రికీ ఉగాదికీ కొన్ని రోజులు మాత్రం అటవీశాఖ వాళ్ళు దారి వదులుతారు. శివరాత్రికి ఎక్కువగా మనవాళ్ళు, శివదీక్ష తీసుకున్న స్వాములు ఇరుముడితో నడుస్తారు. ఉగాదికి నడిచేవాళ్ళలో ఎక్కువమంది కన్నడిగులు. ఆ సంగతి విని ఉన్నాను గానీ, శనివారం తెల్లారుజామున ఆత్మకూరులో ఆటో ఎక్కి వెంకటాపురంలో దిగేదాకా అది ఎంత నిజమో తెలియలేదు. టీ బంకు దగ్గర, ట్రాక్టర్ల దగ్గర, చెట్ల కింద ఎక్కడ విన్నా కన్నడమే. తెల్ల టోపీలు, భుజాన కాషాయ జెండాలు, మెడలో లింగం కాయలు. "ఒరే, మనం ఆత్మకూరులో దిగినామా, రాయచూరులో దిగినామా?" అన్నాడు మామ. ఆయనకేం ఇబ్బంది లేదు, ఆదోనిలో పదేళ్ళు పనిచేసినాడు కాబట్టి కన్నడం నడిచిపోతుంది. ఇబ్బందంతా నాకే.

నల్లమల అనగానే మనసులో పచ్చటి బొమ్మ ఒకటి ఉంటుంది. చైత్రంలో అది కాస్తా చెరిగిపోతుంది. ఇది ఆకు రాల్చే అడవి. వెదురు పొదలు ఎండిన గడ్డి రంగులో, ఏపి చెట్లు బోడిగా, నేల మీద ఎండాకు మడమ లోతు. వందలమంది ఆ ఆకుల మీద నడుస్తుంటే వచ్చే చప్పుడు, పెద్ద పెనంలో ఏదో వేయిస్తున్నట్టు ఆగకుండా వినిపిస్తూనే ఉంటుంది. నీడ ఉండదు. నీడ ఉంటుందనుకొని టోపీ తేలేదు నేను. పది గంటలకే తువ్వాలు తలకు చుట్టుకోవాల్సి వచ్చింది. ఎక్కడో ఇప్పపూలు రాలుతున్నట్టున్నాయి, ఆ పులిసిన తీపి వాసన ఉండుండి ముక్కుకు తగిలేది. అంతకంటే ఎక్కువగా కంటికి తగిలింది నీళ్ళ బాటిళ్ళ చెత్త. భక్తి ఉన్నవాళ్ళకు సంచిలో ఖాళీ బాటిల్ మోయడం అంత బరువెందుకవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నాగలూటిలో వీరభద్రుడి గుడి ఉంది. పాతకాలపు రాతికట్టడం, పక్కనే కోనేరు. అక్కణ్ణుంచి రాతి మెట్లు మొదలవుతాయి. అద్దంకి నుంచి ఏలిన ప్రోలయ వేమారెడ్డి 14వ శతాబ్దంలో శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. ఇవి ఆయన మెట్లేనని ఇక్కడ చెప్పుకుంటారు. మెట్లంటే తిరుపతి మెట్లలా ఊహించుకోకండి. ఒక్కో బండ ఒక్కో ఎత్తు. కొన్ని పక్కకు ఒరిగాయి, కొన్నిటి కింద మట్టి వానకు కొట్టుకుపోయి, కాలు పెడితే కటకటమంటాయి. ఒక మెట్టు దగ్గర ఆయాసం తీర్చుకోవడానికి కూర్చున్నాను. బండ అంచు గరుకుగానే ఉంది, నడుమ మాత్రం అరిగి అరిచేయంత గుంట పడింది. వేలితో తడిమితే నీళ్ళలో నానిన సబ్బు బిళ్ళలా నున్నగా ఉంది. గుంటలో కర్పూరం వెలిగించిన మసి. నేను లేవగానే వెనక వస్తున్నాయన సరిగ్గా ఆ గుంటలోనే కాలు పెట్టి ఎక్కిపోయాడు.

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య కూడా ఈ దారినే శ్రీశైలం వెళ్ళాడు. మన భాషలో యాత్రలు రాసేవాళ్ళందరికీ ఆయన పెద్దదిక్కు. ఆ మాట మామతో గొప్పగా అన్నాను. ఆయన ఒక గుక్క నీళ్ళు తాగి, "ఆయన సవారీలో పోయినాడురా. మోసిన బోయీలు ఏమీ రాసుకోలేదు" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు నేను నోరెత్తలేదు. ఎత్తే ఓపిక కూడా లేదనుకోండి.

దామెర్లకుంట దగ్గర ఎవరో పుణ్యాత్ములు ట్యాంకర్ పెట్టించారు. మధ్యాహ్నం అక్కడే పడుకున్నాం. దాని గురించి చెప్పడానికి వేడి తప్ప ఏమీ లేదు.

సాయంత్రానికి పెచ్చెర్వు చేరాం. అడవి నడుమ చెరువు, కొన్ని చెంచు ఇళ్ళు, వాటి చుట్టూ ఆ కొద్ది రోజులకు వెలిసిన టెంట్లు. దూరంగా ఒక కుర్రాడు గుంపుకంటే మనిషెత్తు పైన తేలుతున్నట్టు నడిచి వస్తున్నాడు. దగ్గరికొచ్చాక తెలిసింది, కాళ్ళకు కట్టె కాళ్ళు కట్టుకున్నాడు. మొక్కట. చదును నేల మీద సరే, ఆ మెట్ల మీద ఎట్ల వచ్చాడో మల్లయ్యకే తెలియాలి. టెంటులో అన్నం, సాంబారు పెట్టారు. మామ రెండుసార్లు పెట్టించుకున్నాడు. నేను మూడుసార్లు.

మా పక్కన పట్ట పరుచుకున్న గుంపు బాగలకోటె జిల్లా నుంచి పన్నెండు రోజులుగా నడుస్తోంది. అందులో ఒక అవ్వ ఉంది. డెబ్బై ఏళ్ళుంటాయేమో. కూర్చొని గిన్నెలో ఆముదం తీసుకొని అరికాళ్ళకు నిదానంగా పట్టిస్తోంది. మడమ పగుళ్ళలోకి బొటనవేలితో నూనె దిగేలా నొక్కి, పైన పాత చీర పేలిక తడిపి చుట్టి, ముడి పాదం పైకి వచ్చేలా కట్టింది. కింద ముడి పడితే నడకలో గుచ్చుకుంటుందట. ఆ పని అయ్యాక నా వైపు చూసింది. నా వైపంటే నా బూట్ల వైపు. ఈ నడక కోసమే కొన్న కొత్త బూట్లు, ఖరీదు మామకు సగమే చెప్పాను. అవ్వ ఏదో అంది. "ఉగురు హోగ్తావ్ నోడు" అన్నది మాత్రం వినపడింది. మామ నవ్వుతూ తెలుగు చేశాడు: "దిగేటప్పుడు గోర్లు పోతాయంట, చూసుకో."

సంచిలోంచి కడక్ రొట్టె తీసి చెరో ముక్క ఇచ్చింది, పైన చెనిక్కాయల పొడి. జొన్నరొట్టె ఎండబెడితే నెలల తరబడి ఉంటుంది, నడకకు అంతకంటే మంచి తిండి లేదు. ఇంకో మూట మాత్రం విప్పలేదు. అందులో ఏముందని మామ అడిగితే చీర, గాజులు, పసుపు కుంకుమ అని చెప్పింది. భ్రమరాంబకు సారె. కన్నడ భక్తులకు ఆ తల్లి ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. ఉగాదికి పుట్టింటివాళ్ళు ఉత్త చేతులతో పోకూడదు కదా. ఇంతలో పొయ్యిలోకి కట్టెలు తెచ్చిన చెంచు పెద్దాయన ఆ మాట విని ఆగాడు. "అల్లుడు మాకు గదా" అన్నాడు, తగాదాగా కాదు, జాగ్రత్తగా లెక్క సరిచేస్తున్నట్టు. మల్లయ్య వేటకొచ్చి చెంచుపిల్లను మనువాడిన కథ వాళ్ళది, అందుకే ఆయన చెంచు మల్లయ్య. మామ ఆ మాటను అవ్వకు కన్నడంలో చెప్పాడు. అవ్వ ఒక్క క్షణం ఆలోచించి, ఆ పెద్దాయనకూ ఒక రొట్టె ఇచ్చింది. వియ్యంకుడి మర్యాద!

మనకు మల్లన్న ఏమవుతాడని రాత్రి పడుకున్నాక ఆలోచించాను. "చేదుకో మల్లన్నా, ఆదుకో మల్లన్నా" అంటాం. మనం అడుక్కునే వరసలో ఉన్నాం. వాళ్ళు ఇచ్చే వరసలో ఉన్నారు. గుంపులో ఎవరో ఏక్‌తారి మీద వచనాలు పాడుతున్నారు. ప్రతి పాట చివరా "చెన్నమల్లికార్జునా" అని వస్తే అవి కన్నడ శివభక్తురాలు అక్కమహాదేవివని గుర్తుపట్టాను. 12వ శతాబ్దంలో ఆమె కూడా కల్యాణ పట్టణం వదిలి ఈ కొండకే వచ్చింది. పులి కనపడుతుందేమోనని కాసేపు టెన్షన్ పడ్డాను గానీ, ఆ భజనలకూ జనరేటర్ల మోతకూ అది ఎప్పుడో వేరే కొండ చూసుకొని ఉంటుంది.

పొద్దున నాలుగింటికే లేచి మఠంబావి మీదుగా భీముని కొలనుకు నడిచాం. ఈ దారంతటికీ ప్రాణం అక్కడే ఉంది. చదునుగా నడుస్తూ నడుస్తూ ఉంటే నేల ఉన్నట్టుండి అయిపోతుంది. ముందు ఒక పెద్ద లోయ, అవతల నిట్టనిలువు కొండ. ఆ కొండ మీద చీమల బారులా ఏదో కదులుతోంది. అది మనుషులని, మనమూ ఇక్కణ్ణుంచి అడుగుదాకా దిగి మళ్ళీ అంత ఎత్తూ ఎక్కాలని బుర్రకెక్కడానికి కొంచెం టైం పట్టింది. అవతలి గట్టు మీద ఎవరో "మల్లయ్యా" అని అరిస్తే, ఆ కేక లోయలో రెండుసార్లు తిరిగి మా దగ్గరికొచ్చింది. మావాళ్ళు అందుకున్నారు. అలా దిగినంతసేపూ రెండు కొండలూ మాట్లాడుకుంటూనే ఉన్నాయి.

ఎక్కడం కష్టమనుకుంటాం గానీ అసలు బాధ దిగడంలో ఉంది. ప్రతి మెట్టుకూ కాలు బూటులో ముందుకు జారి, బొటనవేలు ముందున్న గోడకు కొట్టుకుంటుంది. సగం దిగేసరికి అవ్వ గుర్తొచ్చింది. వెనక్కి చూస్తే ఆమె గుడ్డ చుట్టిన పాదం అడ్డంగా పెట్టి, పక్కవాటుగా, పీతలా దిగుతోంది. నేనూ అలాగే చేశాను. మామ అప్పటికే అలాగే దిగుతున్నాడు, నాకు మాత్రం చెప్పలేదు.

అడుగున మాత్రం వేరే లోకం. రెండు రోజులుగా చూడని పచ్చదనమంతా అక్కడ దాక్కుంది. మద్ది మానులు, వాటి వేళ్ళు బండల్ని చుట్టుకొని నీళ్ళలోకి. ఈ వాగు చివరికి పోయి కృష్ణలో కలుస్తుంది. ఎండాకాలం కాబట్టి పారడం లేదు, మడుగులుగా నిలిచింది. బూట్లు విప్పి కాళ్ళు పెట్టాను. చిన్న చేపలు వచ్చి మడమలు పొడవడం మొదలుపెట్టాయి. ఎడమ కాలి బొటనవేలి గోరు అప్పటికే నేరేడుపండు రంగుకు తిరిగింది. అరగంట కూర్చుందామన్న మామ గంటన్నర కూర్చున్నాడు.

ఎక్కేటప్పుడు ఆయన మెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. లెక్కల మాస్టారు కదా. నాలుగొందలు దాటాక ఎవరో మజ్జిగ ఇచ్చారు, లెక్క పోయింది. "మళ్ళీ కిందికి పోయి రావాల" అన్నాడు. కైలాసద్వారం దగ్గర పైకి తేలగానే ముందు కనపడింది పార్క్ చేసిన కార్లు. ఫోన్లో సిగ్నల్ వచ్చి అత్తవి పదకొండు మిస్డ్ కాల్స్ ఒక్కసారిగా మోగాయి.

అక్కణ్ణుంచి హటకేశ్వరం మీదుగా శ్రీశైలం తార్రోడ్డు మీది నడకే. దర్శనం క్యూ గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? గుడి ప్రాకారం గోడ గురించి మాత్రం చెప్పాలి. ఆ రాళ్ళ మీద వరసగా ఏనుగులు, గుర్రాలు, వేటగాళ్ళు, శివుడి కథలు చెక్కి ఉంటాయి. బస్సులో వచ్చినప్పుడు పదిసార్లు ఈ గోడ పక్కనుంచే క్యూ దొరుకుతుందో లేదోనని పరుగెత్తాను. ఈసారి పరుగెత్తడానికి కాళ్ళు లేవు కాబట్టి కుంటుతూ బొమ్మ బొమ్మా చూసుకుంటూ పోయాను. నిజం చెప్పాలంటే లోపలి దర్శనం కంటే ఆ గోడే ఎక్కువ గుర్తుంది. ఈ మాట అత్త ముందు అనలేను.

పాతాళగంగ దగ్గర అవ్వ మళ్ళీ కనపడింది. మునిగి లేచి, తడిజుట్టుతో, మూట ఒళ్ళో పెట్టుకొని మెట్ల మీద కూర్చొని ఉంది. నా కాలు చూసి ఏమీ అనలేదు, తల మాత్రం ఆడించింది.

సాయంత్రం ఆత్మకూరు బస్సు దొరికింది. దోర్నాల ఘాటు మలుపుల్లో మామ నా భుజం మీద పడి నిద్రపోయాడు. రెండు రోజుల దారి మూడున్నర గంటల్లో వెనక్కి పోయింది. ఆ గోరు ఊడిపోయి దాని కింద కొత్తది పూర్తిగా వచ్చేసరికి కార్తీకం దాటింది. "శివరాత్రికి రెడీ అయినట్టే కదరా" అని మామ ఫోన్ చేశాడు. బూట్లు మాత్రం అమ్మేశాను.