బిల్డర్ బాధ్యత ఐదేళ్లు: ఏ తేదీ నుంచి లెక్క?

కట్టడంలోని లోపాలకు బిల్డర్ బాధ్యత ఐదేళ్లుంటుందన్న మాట ఫ్లాటు కొన్న ప్రతివారూ వినే ఉంటారు గాని, ఆ ఐదేళ్లను ఎప్పటి నుంచి లెక్కించాలో, ఆ లోపు తాము ఏం చేయాలో తెలిసినవారు మా అసోసియేషన్‌లో కూడా తక్కువే.

2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి) చట్టం, సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాటును స్వాధీనపరచిన తేదీ నుంచి ఈ గడువు నడుస్తుంది. రిజిస్ట్రేషన్ తేదీతో గాని, గృహప్రవేశ ముహూర్తంతో గాని దానికి సంబంధం లేదు. అందుకే స్వాధీన పత్రాన్ని సేల్‌డీడ్‌తో సమానంగా భద్రపరచుకోవాలి. స్లాబు, పిల్లర్ల లోపాలే కాక, పనితనంలోనో నాణ్యతలోనో లోపం కనబడినా, ఐదేళ్లలోపు బిల్డర్ దృష్టికి తెస్తే, అతడు అదనంగా పైసా అడగకుండా 30 రోజుల్లో సరిచేయాలి. చేయకపోతే కొనుగోలుదారు పరిహారానికి అర్హుడు. ఆ గడువులో జరగవలసింది తెలియజేయడమే, కేసు వేయడం కాదు.

అయితే తెలియజేసినట్లు రుజువేది? పై అంతస్తు సీలింగు చెమ్మగిల్లితే మనం సైట్ ఇంజనీరుకు ఫోన్ చేస్తాం. మేస్త్రి వచ్చి, ఉబ్బిన రంగు గీకి, పుట్టీ పెట్టి, ఒక కోటింగ్ వేసి వెళతాడే తప్ప టెర్రస్ మీది వాటర్‌ప్రూఫింగ్ జోలికి పోడు. మరుసటి వానాకాలానికి అదే చోట తెల్లగా ఉప్పు తేలి, పెచ్చులు రాలతాయి. ఇలా ఏళ్లు గడిచినా మన చేతిలో ఒక్క కాగితమైనా మిగలదు. కనుక ఫొటోలు జతచేసిన ఈమెయిల్, దానితోపాటు స్పీడ్ పోస్టులో నోటీసు పంపి, రసీదు దాచుకోవడం ఉత్తమం. ఏడాదే వారంటీ అని రాసుకున్న ఒప్పందాలూ ఉంటాయి; చట్టమిచ్చిన ఐదేళ్లను అలాంటి షరతు కుదించలేదన్నది నా అభిప్రాయం.

వినియోగదారుల కమిషన్‌కు వెళ్లదలచినవారి లెక్క వేరు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే ఫిర్యాదుకు దారితీసిన కారణం, తలెత్తిన 2 ఏళ్లలో ఫిర్యాదు దాఖలు కావాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు గాని, బిల్డర్‌తో ఉత్తరాలు నడిపినంత మాత్రాన గడువు పెరగదు. 500 చదరపు మీటర్లకు మించని స్థలంలోనో, 8 ఫ్లాట్లకు మించకుండానో కట్టిన భవనాలకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి, అక్కడ కొన్నవారు ఈ రెండేళ్ల గడువునే ముందుగా చూసుకోవాలి.

స్థలం టైటిల్‌లోనే, అంటే యాజమాన్య హక్కులోనే, లోపముండి నష్టపోతే మాత్రం, రెరా సెక్షన్ 18(2) కింద పరిహారం కోరడానికి ఏ చట్టంలోని కాలపరిమితీ అడ్డురాదు.