బండి మీద నాయన తుపాకీ: నా అనుభవం

2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. రెండు రోజులకే మా మండల పోలీస్ స్టేషన్ నుంచి ఫోన్. "మీ గన్ డిపాజిట్ చేయాల, ఎప్పుడు తెస్తారు?" అని అడిగారు. ఎన్నికల కోడ్ ఉన్నన్నాళ్లూ లైసెన్సు ఆయుధాలు స్టేషన్‌లో అప్పగించమనడం మా వైపు మామూలే. నాయన చేతిలో ఉన్నప్పుడు ఆయనే తీసుకుపోయేవాడు. నా పేరు మీదికి వచ్చాక ఇదే మొదటిసారి.

మాది పాకాల పక్కన మామిడితోటల పల్లె. ఇంట్లో కారు లేదు, ఉన్నది స్ప్లెండర్ బండి. స్టేషన్ పద్నాలుగు కిలోమీటర్లు. ఆటోలో పదిమంది మధ్య తుపాకీ పట్టుకుని కూర్చోవడం నాకు ఇష్టం లేదు, బస్సు అంతకన్నా వద్దు. లైసెన్సు తుపాకీ ఉన్న రైతుల్లో నాలాగా బండి మాత్రమే ఉన్నవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

తుపాకీ 12 బోర్ సింగిల్ బ్యారల్, అంటే ఒకే గొట్టం ఉండే పొడుగు తుపాకీ. శెనక్కాయ చేలో అడవి పందులు పడితే గాల్లోకి పేల్చి బెదరగొట్టడానికి, రాత్రిపూట తోట కాపలాకి నాయన కొన్నాడు. లైసెన్సు ఉంది కదా అని పందిని కాల్చకూడదు, దానికి అటవీ శాఖ అనుమతి వేరే ఉండాలి. నాయనకు డెబ్బై దాటాక నా పేరు మీదికి మార్పించుకున్నాము. 2016 ఆయుధ నియమాల్లో దీనికి దారి ఉంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, తుపాకీ ఆయన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, ఏది ముందైతే అప్పుడు బతికుండగానే వారసుడికి ఇప్పించొచ్చు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయి మా మండలం తిరుపతిలోకి పోయింది. పాత కాగితాలన్నీ చిత్తూరు కలెక్టరేట్‌వి. వాటిని పట్టుకుని తిరుచానూరులో పద్మావతి నిలయంలో పెట్టిన కొత్త కలెక్టరేట్ చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో లెక్క లేదు. పోలీసు విచారణ, ఆయుధం వాడకంలో ట్రైనింగ్ సర్టిఫికెట్, ఇంట్లో ఎక్కడ దాస్తావన్న ప్రశ్న, అన్నీ అయ్యాకే లైసెన్సు వచ్చింది.

ఇంత కష్టపడి తెచ్చుకున్న లైసెన్సు, ఆ రోజు ఇంట్లో బీరువాలో పెట్టి పోయాను. మొదటి తప్పు అదే. జేబులో జిరాక్సు ఉందిలే అనుకున్నాను. రెండో తప్పు, తుపాకీని పాత దుప్పటిలో చుట్టి, సీటు పక్కన పొడుగ్గా ఆనించి, ట్యూబు తాడుతో బిగించి కట్టాను. పశువుల మేత, పైపులు, గడ్డపార అట్లాగే కదా కట్టేది. తూటాల పెట్టె కూడా అదే దుప్పటి మడతలో దోపాను.

సగం దారిలో ఎన్నికల తనిఖీ బృందం బండి ఆపింది. డబ్బు, మద్యం కోసం వెతుకుతున్నారు. దుప్పటి కొసన గొట్టం మూతి రెండంగుళాలు బయటికి వచ్చి ఉంది. గతుకులకు దుప్పటి జారిపోయిందని నేను చూసుకోలేదు.

"ఏంది సామీ అది?"

"లైసెన్సు తుపాకీ సార్, స్టేషన్‌లో ఇచ్చేదానికి పోతాండా."

"లైసెన్సు చూపీ."

జిరాక్సు చూపించాను. ఒరిజినల్ ఏదన్నారు. ఇంట్లో ఉంది అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుంటేనే తెలిసిపోయింది, ఎంత తప్పు చేశానో. ఆయుధం తీసుకుపోయేవాడు అడిగిన పోలీసుకు లైసెన్సు చూపించాల్సిందే. చూపలేకపోతే ఆయుధాన్ని స్వాధీనం చేసుకునే అధికారం 1959 ఆయుధ చట్టం వాళ్లకు ఇచ్చింది. వాళ్లు చట్టం దాటి ఏమీ చేయలేదు. నాకు బాధ కలిగించింది వేరే. చుట్టూ జనం చేరి ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తుంటే ఎవరూ వద్దనలేదు. గంట తిరక్కముందే ఊళ్లో "తుపాకీతో పట్టుబడినాడంట" అని మా అమ్మకు ఎవరో చెప్పారు. ఆమె ఏడుస్తూ ఫోన్ చేసింది. ఆ గొంతు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

మా బామ్మర్ది బీరువా తీసి ఒరిజినల్ లైసెన్సు పట్టుకొచ్చేసరికి రెండు గంటలు అయింది. తుపాకీ మీద నంబరు, లైసెన్సులో నంబరు సరిచూశారు. మా స్టేషన్‌కు ఫోన్ చేసి కనుక్కున్నారు. తర్వాత పంపించారు.

స్టేషన్‌లో రైటర్‌గా ఉన్న పెద్దాయన రసీదు రాస్తూ అంతా విన్నాడు. కోప్పడలేదు. తుపాకీని తన బల్ల మీద పెట్టుకుని చెప్పాడు. "దీన్ని బండికి కట్టకూడదు నాయనా. బండి కింద పడితే తుపాకీ ఎటు పోతుందో నీకు తెలీదు. నువ్వు టీకి దిగితే బండి దగ్గర ఎవరుంటారు? ఇది నీ ఒంటి మీద ఉండాల. దీని కోసం కుట్టిన సంచిలో ఉండాల, పూర్తిగా మూసి ఉండాల. రూల్లో ఉండేది కూడా అదే."

తర్వాత నేను చదివి చూసుకున్నాను, ఆయన చెప్పింది నిజమే. పబ్లిక్‌లో తీసుకుపోయేటప్పుడు పొడుగు తుపాకీ దాని కోసం చేసిన సంచిలో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మోసేవాడి అదుపులో ఉండాలి అని 2016 నియమాలు చెబుతున్నాయి. తాడుతో బండికి కట్టింది అదుపులో ఉన్నట్టు ఎట్లా అవుతుంది?

జూన్ 4న ఫలితాలు వచ్చాయి. వారం దాటాక వచ్చి తీసుకుపొమ్మన్నారు. ఈ మూడు నెలల్లో నేను రెండు పనులు చేశాను. ఒకటి, పాకాలలో సీటు కవర్లు కుట్టే ఆయన దగ్గర మందపాటి కాన్వాసుతో సంచి కుట్టించాను. లోపల దుప్పటి గుడ్డ, మధ్యలో అడ్డం, రెండు భుజాలకూ పట్టీలు. సింగిల్ బ్యారల్‌ను విడదీయొచ్చు. గొట్టం కింద ఉండే చిన్న చెక్కను లాగితే వచ్చేస్తుంది, తుపాకీని మడిచి గొట్టాన్ని పైకి లేపితే విడిపోతుంది. అప్పుడు పొడుగు రెండున్నర అడుగులే. సంచి వీపు మీద వేసుకుంటే హెల్మెట్ కన్నా పైకి రాదు. ఈ కొలత నాకు చాలా ముఖ్యం. పొడుగ్గా వేసుకుంటే మామిడి కొమ్మలకు తగులుతుంది, తల తిప్పి వెనక వచ్చే లారీని చూడలేం. విడదీసినా అది తుపాకీయే, లైసెన్సు లేనివాడి చేతిలో ఉండకూడదని మర్చిపోవద్దు.

రెండోది, బండి నేను నడపకూడదని నిర్ణయించుకున్నాను. బామ్మర్ది నడిపాడు, నేను వెనక కూర్చున్నాను. ఒంటరిగా పోవాల్సి వస్తే పోవచ్చు, కానీ పడితే వీపు మీద ఇనుప గొట్టంతో పడతాము, నడుము ఏమవుతుందో ఆలోచించండి. పోనీ సంచి బామ్మర్దికి ఇచ్చి నేనే నడిపితే? లైసెన్సుదారు పక్కనే ఉండగా ఇంకొకరు మోయడానికి చట్టంలో కొన్ని పనుల వరకు వీలుంది, రిపేరు, రెన్యువల్ లాంటివి. దారిలో ఆపిన కానిస్టేబులుకు అదంతా వివరించే పరిస్థితి ఎందుకు? లైసెన్సు ఎవరి పేరు మీదుందో సంచి వాళ్ల భుజానికే ఉండాలన్నది నా పద్ధతి.

జూన్‌లో ఒక ఉదయం బయలుదేరే ముందే పెట్రోలు కొట్టించాము, మధ్యలో ఎక్కడా దిగకుండా. ఒరిజినల్ లైసెన్సు, డిపాజిట్ రసీదు, ఆధార్, మూడూ ప్లాస్టిక్ కవరులో చొక్కా లోపలి జేబులో. స్టేషన్‌లో రసీదు ఇచ్చి, నంబరు నేనే చదివి, సంతకం పెట్టాను. అక్కడే తుపాకీ మడిచి గొట్టంలోంచి కిటికీ వైపు చూశాను. లోపల తూటా లేకుంటే అటు చివర గుండ్రంగా వెలుతురు కనబడాలి. కనబడింది. రైటర్ కూడా చూసి తల ఊపాడు. తూటాలు లెక్కపెట్టుకుని రేకు డబ్బాలో వేసి, విడిగా బామ్మర్ది ముందు ట్యాంకు సంచిలో కాకుండా నా నడుముకున్న చిన్న సంచిలో పెట్టుకున్నాను. ఎండలో ట్యాంకు ఎంత కాలుతుందో చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది.

వచ్చేటప్పుడు రైల్వే గేటు పడింది. పది నిమిషాలు నిలబడ్డాము. వెనకున్న ఆయన సంచి చూసి "క్రికెట్ బ్యాటా?" అన్నాడు. అవునని అబద్ధం చెప్పలేదు, తుపాకీ అని కూడా చెప్పలేదు. సామాను అన్నాను. అంతకన్నా చెప్పాల్సిన పని లేదు.

ఆ వారమే మా అక్క తిరుపతి నుంచి ఫోన్ చేసి, రెన్యువల్ పనికి వచ్చేటప్పుడు కొండకు కూడా పోదాం రా అంది. తుపాకీ చేతిలో ఉన్న రోజు అలిపిరి వైపు చూడను అని చెప్పాను. అక్కడ ప్రతి బండినీ, ప్రతి సంచినీ తనిఖీ చేస్తారు. కొండ మీదికి ఆయుధం తీసుకుపోవడం నిషేధం, లైసెన్సు ఉన్నా సరే. కలెక్టరేట్‌కు కూడా కాగితాలే పట్టుకుపోతాను, తుపాకీ చూపించమంటే స్టేషన్‌లో చూపిస్తాను. ఇంకొకటి, మన జిల్లాలకు అటు తమిళనాడు, ఇటు కర్ణాటక. నా లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకే. ఫోన్‌లో మ్యాప్ దగ్గరి దారి చూపించినా రాష్ట్రం దాటే రోడ్డు నాకొద్దు. మీ లైసెన్సులో ఏ ప్రాంతం వరకు రాశారో ఇప్పుడే తీసి చూడండి.

ఇంటికి చేరేసరికి అమ్మ గేటు దగ్గరే ఉంది. నా వీపు మీది సంచి చూసి, నా ముఖం చూసి, లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది. నాయన వసారాలో మంచం మీద ఉన్నాడు. సంచి విప్పి గొట్టం చేతికిచ్చాను. నూనె గుడ్డతో మూడు నెలల దుమ్ము తుడిచాడు. తర్వాత గొట్టాన్ని ఎండ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు.

"తుప్పు పట్టలేదు రా" అన్నాడు. ఇనుప పెట్టె తాళం తీశాను.