కుండీ మొక్కను నీటి సాగులోకి మార్చేటప్పుడు

పర్లాకిమిడిలో మా మేడమీది కుండీల్లో పెరుగుతున్న మొక్కల్లో కొన్నింటిని నీటి సాగులోకి, అంటే మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీటిలోనే పెంచే పద్ధతిలోకి, మార్చాను. "ఎప్పుడూ నీళ్లలోనే ఉంటే వేరు కుళ్లిపోదా నాయనా?" అని పక్కింటి పెద్దమ్మ అడిగిన ప్రశ్నలోనే ఈ పనిలోని చిక్కంతా ఉంది. వేరు కుళ్లేది నీటివల్ల కాదు, ఆ నీటిలో ఆక్సిజన్ చాలకపోవడంవల్ల. మట్టి రేణువుల సందుల్లోని గాలిని పీల్చుకుంటూ పెరిగిన వేరు, నీటిలో కరిగిన కొద్దిపాటి ఆక్సిజన్‌తో ఒక్కసారిగా సరిపెట్టుకోలేదు. అందుకు తగిన కొత్త వేర్లు పుట్టేదాకా మొక్క ఎదుగుదల ఆగిపోతుంది.

కాబట్టి ప్రతి మొక్కనూ మార్చాలని చూడటం వృథా ప్రయాస. పుదీనా, తులసి, మనీప్లాంటు వంటివాటికి పాత వేర్లతో పనే లేదు. కణుపు కింద కోసిన కొమ్మను నీటిలో ఉంచితే వారం రెండు వారాల్లో నీటికి అలవాటైన వేర్లే వస్తాయి. కాపుకొచ్చిన రామములగ (టమాటా), ముదిరిన వంగ జోలికి పోకూడదు. నాలుగైదు ఆకులు తొడిగిన లేత నారు మాత్రం మార్పును బాగా తట్టుకుంటుంది.

అసలు పనంతా వేర్లు కడగడంలోనే ఉంది. ముందుగా కుండీని బాగా తడిపి, మొక్కను మట్టిగడ్డతో సహా బయటికి తీసి, బకెట్టు నీటిలో మునిగేలా ఉంచితే మట్టి నాని అడుక్కి దిగుతుంది. కుళాయి ధార కింద పెట్టి తోమితే నూలుపోగుల్లాంటి సన్నని వేర్లు తెగిపోతాయి, నీటిని పీల్చేవి అవే. బకెట్టులోనే మెల్లగా ఆడిస్తూ, నీరు తేటగా నిలిచేదాకా మారుస్తూ పోవాలి. మిగిలిపోయిన మట్టి తొట్టెలోకి గాలి వచ్చే రంధ్రాలను పూడ్చేయడమే కాక, వేరుకుళ్లు తెగులును కూడా వెంట తెస్తుంది. గోధుమరంగుకు తిరిగిన వేరును గోటితో లాగినప్పుడు పైతొక్క ఊడివచ్చి లోపల సన్నని ఈనె మిగిలితే, ఆ తెగులు అప్పటికే సోకినట్టు; అటువంటి వేర్లను కత్తిరించి పారేయాలి.

చుట్టూ రంధ్రాలుండే జాలీ కప్పులో, కడిగిన కాల్చిన మట్టి గుళికల నడుమ మొక్కను నిలిపి, వేర్ల కింది భాగం తొట్టెలోని నీటిలో, పై భాగం గాలిలో ఉండేలా చూసుకోవాలి. తొట్టెలోకి గాలి అందించడానికి బరంపురంలో కొన్న అక్వేరియం పంపు సరిపోయింది. తొట్టెకు నల్లగుడ్డ చుట్టకపోతే నాచు పడుతుంది.

ఎరువుల దుకాణంలో అడగ్గానే చేతిలో పెట్టేది 19-19-19 పొడి, అంటే నత్రజని, భాస్వరం, పొటాష్ 19 శాతం చొప్పున ఉండే ఎరువు. అందులోని నత్రజనిలో సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది. దాన్ని మొక్కకు అనువుగా మార్చే సూక్ష్మజీవులు మట్టిలో ఉన్నంతగా కొత్త తొట్టెలో ఉండవు. పైగా అందులో కాల్షియం లేదు. నీటి సాగుకని ఎ, బి పేర్లతో రెండు సీసాల్లో అమ్మే పోషక ద్రావణాలే మేలు. ఆ రెంటినీ చిక్కగా ఉన్నప్పుడు కలిపితే కాల్షియం, ఫాస్ఫేటు జతకూడి తెల్లగా అడుక్కి చేరతాయి కనుక, విడివిడిగా నీటిలో పోయాలి. మొదట్లో నాలుగోవంతు మోతాదు చాలు; నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 5.5కీ 6.5కీ మధ్య ఉండాలి.

మొదటి కొద్ది రోజులు మధ్యాహ్నానికి ఆకులు వాలిపోతాయి. అది చూసి ద్రావణం మోతాదు పెంచేవాళ్లే ఎక్కువ. కావలసింది మాత్రం నీడ. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే, 30 డిగ్రీల దగ్గర అది ఏడున్నరకు పడిపోతుంది. అందువల్ల మా ఎండాకాలంలో మేడమీద ఈ పని తలపెట్టడం నాకు ఇష్టం లేదు; వానలు వెనకపట్టాక, కార్తీకంలో మొదలుపెట్టడం ఉత్తమం. గుళికల సందుల్లోంచి తెల్లని కొత్త వేర్లు కనిపించాకే మోతాదు పెంచి, తొట్టెను ఎండలోకి జరపాలి.