పరీక్ష అనే మాటను విప్పి చదివితే

జూనియర్ లెక్చరర్ తెలుగు పేపర్‌కు చదివే మిత్రులు సంధులను ఒక నోట్సులో, పదాల అర్థాలను మరో నోట్సులో రాసుకోవడం హనుమకొండ రీడింగ్ రూముల్లో తరచుగా కనిపిస్తుంది. రెండింటినీ కలిపి చదివే పద్ధతి నాకు ‘పరీక్ష’ అనే మాట దగ్గరే పట్టుబడింది.

‘ఈక్ష్’ అనే సంస్కృత ధాతువుకు చూడటమని అర్థం. దానికి ముందు ‘పరి’ అనే ఉపసర్గ చేరితే అన్ని వైపుల నుంచీ చూడటం, అంటే నిశితంగా పరిశీలించడం అవుతుంది. పరి, ఈక్ష కలిస్తే సవర్ణదీర్ఘసంధి. ఉప, ఈక్ష కలిసి ఉపేక్ష అయితే గుణసంధి. అను, ఈక్షణ కలిసి అన్వీక్షణ అయితే యణాదేశసంధి. సమీక్షను కూడా సవర్ణదీర్ఘమని తొందరలో గుర్తించేవారున్నారు గానీ, అక్కడ ‘సమ్’లోని మకారం మీద ఈకారం చేరిందంతే.

అర్థాల దగ్గర మరికాస్త నిలవాలి. పరీక్షకు మూలమైన ధాతువే ఉపేక్షలోనూ ఉన్నా, అక్కడ చూస్తూ ఊరుకోవడం, పట్టించుకోకపోవడం అనే అర్థం స్థిరపడింది. నిరీక్షణ సంస్కృతంలో చూడటమే. హిందీలో అది తనిఖీ అయింది, తెలుగులో ఎదురుచూపు అయింది. నోటిఫికేషన్ల కోసం కాచుకునే మనకు ఈ తెలుగు అర్థాన్ని ఎవరూ నేర్పనక్కరలేదు. అర్థవిపరిణామం, అంటే మాట అర్థం కాలక్రమంలో మారడం, అనే పాఠానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

గ్రూప్స్‌కు కూడా చదువుతున్నవారు ఇదే ధాతువు నుంచి వచ్చిన ఆన్వీక్షికిని, అంటే తర్కంతో పరిశీలించే విద్యను, ఇక్కడే చేర్చుకోవచ్చు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో చెప్పిన నాలుగు విద్యల్లో, త్రయి (మూడు వేదాలు), వార్త (సేద్యం, పశుపాలన, వర్తకం), దండనీతి (పాలనా విద్య) కన్నా ముందు నిలిచేది ఇదే. సాంఖ్యం, యోగం, లోకాయతం అనే దర్శనాలు దీని కిందికి వస్తాయి.

అభిమన్యుడి కొడుకు పరీక్షిత్తు పేరు దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. తల్లి గర్భంలో తాను చూసిన పురుషుడు (విష్ణువు) ఇతడేనా అని ఎదుటివారిని పరీక్షించి చూసేవాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని భాగవతం ప్రథమ స్కంధం చెబుతుంది. మన బమ్మెర పోతన తెలుగు చేసిన గ్రంథం కనుక ఈ ఘట్టాన్ని గైడులో కాక మూలంలోనే చదవడం మేలు. మహాభారతం మాత్రం కురువంశం పరిక్షీణమైన (క్షీణించిపోయిన) వేళ పుట్టినందువల్ల ఆ పేరు పెట్టారంటుంది. ఈ వివరణలో ‘ఈక్ష్’ ధాతువుకు చోటే లేదు. ప్రశ్నలో ఏ గ్రంథం పేరు ఉందో చూసుకున్నాకే జవాబు గుర్తించాలి.